తలుపు దగ్గర బావ చెయ్యి

ఎవరైనా దెయ్యాల సంగతి ఎత్తితే లేచి టీ తాగడానికి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. పైగా నేను చెప్పబోయేదాంట్లో చచ్చిపోయినవాళ్లెవరూ లేరు. నా తికమకంతా అదే.

ఎనభైల మొదట్లో విశాఖపట్నం వన్ టౌన్‌లో మాకో చిన్న బ్యాండ్ ఉండేది. పెళ్లి రిసెప్షన్లకు, క్రిస్మస్ ప్రోగ్రాములకు వాయించేవాళ్లం. గిటార్ నాది. మా వీధి రేడియో మెకానిక్ తయారుచేసి ఇచ్చిన ఫజ్ పెడల్ ఒకటి ఉండేది. కాలితో నొక్కితే, అంతవరకు శుభ్రంగా మోగిన గిటార్ బొంగురు గొంతుతో గర్జించేది. నాకు అదంటే ప్రాణం. వినేవాళ్లకు ప్రాణసంకటం.

మామూలు సౌండ్‌ను పాటకు సరిపడా పెట్టుకుంటే, పెడల్ నొక్కగానే పాడేవాళ్ల గొంతులు మునిగిపోయేవి. పెడల్ మీది నాబ్ తగ్గిస్తే గర్జన కాస్తా దోమ పాటయ్యేది. స్టేజీ మీదున్నవాడికి ఆ తేడా తెలియదు. ఖాళీ హాల్లో సరిచూసుకున్నా లాభం లేదు. "జనం కూకుంటే సగం సౌండు ఆళ్లే తినేత్తార్రా" అనేవాడు మా ప్రకాశం బావ.

ప్రకాశం మా అక్క మొగుడు. పోర్టులో సిగ్నల్ మేన్. సరుకు ఎత్తి దించే యంత్రం, అదే వించ్, నడిపే డ్రైవర్‌కు ఓడ లోపల ఏముందో కనపడదు కాబట్టి, డెక్కు మీద నిలబడి అతనికి చేతులతో సైగలు చేయడం బావ పని. మా ప్రోగ్రాముల్లోనూ హాలు చివర తలుపు దగ్గర నిలబడి నాకు అవే సైగలు చేసేవాడు. అరచెయ్యి కిందికి ఆడిస్తే దించు. బొటనవేలు పైకెత్తితే లేపు. పిడికిలి బిగిస్తే అక్కడే ఆపు. నేను వంగి నాబ్ తిప్పేవాణ్ణి.

బావ చెల్లెలు సుగుణకు పెళ్లి కుదిరింది. తండ్రి లేని పిల్ల, బావే పెంచాడు. రిసెప్షన్‌కు మా బ్యాండే ఉండాలని పట్టుబట్టింది. పెళ్లికొడుకు తండ్రి ఒప్పుకున్నారు గానీ, చెవులు చిల్లులు పడితే ప్లగ్గు పీకేస్తానని ముందే చెప్పారు.

బావకు సెలవు దొరకలేదు. పొద్దుటి షిఫ్టు చేసి మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. తీరా చూస్తే బావ బదులు రావలసినవాడు రాలేదు, ఓడ దిగడానికి వీల్లేకపోయింది. సుగుణ మేనమామ చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ చర్చిలోకి నడిచింది.

నాలుగింటికి పక్క హాల్లో రిసెప్షన్. మొదటి రెండు పాటలూ బాగానే సాగాయి. మూడోదానికి సుగుణ ముచ్చట తీర్చాలని పెడల్ నొక్కాను. హాలు దద్దరిల్లింది. పెళ్లికొడుకు తండ్రి కుర్చీలోంచి లేచి ప్లగ్గు వైపు నడిచారు.

నేను అలవాటుగా తలుపు వైపు చూశాను. బావ ఉన్నాడు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. అరచెయ్యి కిందికి ఆడిస్తున్నాడు. వంగి నాబ్ తిప్పాను. ఇంకా దించమన్నాడు. దించాను. పిడికిలి బిగించాడు.

అంతే, పాటా గిటారూ రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా కలిసి నడిచాయి. పెద్దాయన ప్లగ్గు దగ్గరే ఆగిపోయి, కాసేపటికి కాలితో తాళం వేయడం మొదలుపెట్టారు. జనం చప్పట్లు. సుగుణ పకపకా నవ్వుతోంది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. పాట అయ్యాక చూస్తే బావ లేడు. భోజనానికి వెళ్లాడనుకున్నాను.

ఆరున్నరకు బావ వగరుస్తూ వచ్చాడు, వెంట వించ్ డ్రైవర్. చెల్లెలి పెళ్లి చూడలేకపోయానని బావ ఏడుపు. నాకు నవ్వొచ్చింది.

"ఏటి బావా ఈ నాటకం?" అన్నాను.

"నాను డెక్కు దిగితే ఒట్టు" అన్నాడు.

వించ్ డ్రైవర్ అందుకున్నాడు. "నాలుగున్నరప్పుడు ఈడికేటయిపోనాదో! హుక్కుకి బస్తా నేదు, ఏటీ నేదు. దించు, దించు, ఆపు అని ఒకటే సైగలు. తిట్టినాను."

నేను చూసింది అప్పటికింకా ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో సుగుణ కేకు ప్లేటుతో వచ్చింది. "తలుపు కాడ నిలబడి నవ్వినావు, నాను సెయ్యి ఊపినాను. కేకు ముక్కయినా తినకుండా ఎల్లిపోనావేటి అన్నియ్యా?"

బావ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోనే ఆమె కేకు పెట్టేసింది. ఏడుస్తూ, నవ్వుతూ తిన్నాడు.

నా కళ్లు మోసపోయాయనుకుందాం. మరి సుగుణ కళ్లు? వించ్ డ్రైవర్ చూసిన సైగలు? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

బావ మాత్రం తర్వాత చాలా ఏళ్లు నన్ను పక్కకు పిలిచి అడిగేవాడు. "ఒరే, ఆ వేళ నాను నిజంగా వచ్చినానంటావా?"

"వచ్చినావు బావా" అనేవాణ్ణి. ఎలా వచ్చాడని మాత్రం నన్ను అడక్కండి.