మస్తాన్‌కు చెప్పని టైర్ల గాలి సంగతి

2005. దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో ఒక గ్యారేజీలో నేను మెకానిక్‌ని. అప్పటికి అక్కడ తొమ్మిదేళ్ళు. ఎడారికి వెళ్ళే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను సిద్ధం చెయ్యడంలో నాకు మంచి పేరుండేది. వాటిని గేటు దాటించే హక్కు మాత్రం లేదు. డ్రైవింగ్ లైసెన్సు రోడ్డు టెస్టులో అయిదుసార్లు ఫెయిలయ్యాను. ఇంజను మొత్తం విప్పి బిగించగల నాకు, పక్కన పోలీసు కూర్చుంటే చాలు, గేరు తప్పేది.

మస్తాన్ మా రాయచోటివాడే. ఇద్దరం ఒకే విమానంలో వచ్చాం, లేబర్ క్యాంపులో ఒకే మంచానికి కిందా పైనా పడుకున్నాం. వాడికి మొదటి టెస్టుకే లైసెన్సు వచ్చింది. దాంతో సేల్స్ ఉద్యోగం, ఆ వెనకే ఫ్యామిలీ వీసా, భార్య షమీమ్, నాలుగేళ్ళ పాప. నేనింకా ఆ కింది మంచం మీదే ఉన్నాను. వాడు ఒక్కో మెట్టు ఎక్కుతుంటే నాకు కడుపు మండేది. దాచుకోవడం ఎందుకు?

మార్చిలో ఒక సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ కొని నా దగ్గరికే తెచ్చాడు.

"శుక్రవారం ఇసకలోకి పోతాండామన్నా, ఒంటెల ఫారం ఎనకాల. నేనే తోలుకుంటా పోతా. షమీమ్, పాప గూడా వస్తాండారు. నాకేం తెలీదు, అంతా నువ్వే చూడు."

చూశాను. రేడియేటర్ కడిగాను, ఫ్యాన్ బెల్టు మార్చాను, పార, టో రోప్, అంటే లాగే తాడు, వెనక పెట్టాను. టైర్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. రోడ్డు మీద ముప్పై అయిదు పిఎస్ఐ గాలి ఉండాలి. ఇసుకలోకి దిగే ముందు దాన్ని పదిహేనుకి దించాలి, అప్పుడే టైరు వెడల్పయి ఇసుక మీద నిలుస్తుంది. ఆ సంగతి చెప్పకుండా బండి ఇవ్వడం మా పనిలో లేదు.

నేను చెప్పలేదు. గాలి కొలిచే ఎయిర్ గేజ్ కూడా ఇవ్వలేదు. డెలివరీకి ముందు టైర్లు గట్టిగా నింపడం మా గ్యారేజీ మర్యాద. ఆ మర్యాద మాత్రం పాటించాను. కాసేపు ఇరుక్కుని, పెళ్ళాం ముందు చెమటలు కక్కితే వాడి పొగరు దిగుతుందనుకున్నాను. నిజానికి వాడికి పొగరు లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అన్నా, బండి దిగబడిపాయ. తొవ్వేకొద్దీ లోపలికి పోతాంది. నీళ్ళు అయిపోయినాయి, పాప వాంతులు చేసుకుంటాంది..."

"గాలి తియ్‌రా మస్తానూ, గాలి!" అని అరిచాను. అప్పటికే లైను తెగిపోయింది. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

ఇరుక్కున్న బండ్లను లాగే పక్క షాపు రికవరీ ట్రక్కు నడిపే పఠాన్ ఖాన్ నిద్రపోతుంటే లేపాను. "బచ్చీ హై, ఖాన్ భాయ్", చిన్నపిల్ల ఉంది అన్నాను. "యల్లా", పద పద అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కాడు.

ఫారం వెనక దొరికారు. ఇరుసు దాకా కూరుకుపోయిన బండి నీడలో షమీమ్ పాప మీద దుపట్టా కప్పి కూర్చుంది. పాప పెదాలు తెల్లగా ఎండిపోయాయి. ఖాన్ నీళ్ళు గుక్కగుక్కగా తాగించాడు. నేను నాలుగు టైర్లలో గాలి దించి, మస్తాన్ చేత మెల్లగా వెనక్కి తీయించాను. బండి లేచి వచ్చింది.

మస్తాన్ నన్ను వాటేసుకున్నాడు. "గాలి తియ్యాలని నాకెట్ల తెలుస్తాదన్నా? నువ్వు రాకపోతే మేం ఏమైపోయేటోళ్ళం!"

ఆ మాట తట్టుకోలేకపోయాను. "నాకు తెలుసురా. కావాలనే చెప్పలా. నీకన్నీ వచ్చినాయి, నాకేమీ రాలా. అందుకే."

వాడు చేతులు వెనక్కి తీసుకున్నాడు. తిడతాడనుకున్నాను. ఒకే మాట అన్నాడు.

"పాప వస్తాందని నీకు చెప్పినా కదన్నా."

మళ్ళీ మా గ్యారేజీకి రాలేదు.

ఆ బండికి నేను బిగించిన ఒక్క నట్టు కూడా తప్పు కాదు. అయినా ఆ పాపను ఎండలో పడేసింది నేనే. అసూయ పోయిందని చెబితే అబద్ధం. కొత్త బండితో, పిల్లలతో ఎవరొచ్చినా ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది. అందుకే వాళ్ళు బండి దిగకముందే గాలి సంగతి చెప్పేస్తాను. ఆలోచించుకునే వ్యవధి దొరికితే నేనేం చెయ్యగలనో నాకు తెలుసు.