ఎర్ర జెండా దగ్గర ఆగిన చెత్త బకెట్టు

నాకు సంతకం వరకే అక్షరాలు వచ్చు. నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు.

బొగ్గింజన్లు ఇంకా తిరుగుతున్న రోజులు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తమ్ముడి క్వార్టరు సందు చివర ఉండేది. మా ఆయన పోయాక అక్కడికే చేరాను. సందులో అందరికీ అప్పనయ్యాను, మా వైపు అక్కని అలాగే అంటారు. ఒకరి పంచన కూర్చుని తినడం నాకు చేతకాదు. మెట్ల మీద ఇడ్లీ పొయ్యి పెడితే డ్యూటీ దిగి వచ్చేవాళ్లు తింటారు, నా తిండి నేను సంపాదించుకుంటాను అనుకున్నాను. కానీ మెట్లకు ఎదురుగానే సందు మొత్తానికీ చెత్తకుప్ప. అక్కడ ఇడ్లీ పెడితే మనిషి కంటే ముందు ఈగే తింటుంది. చేసిన ఇడ్లీలు మూడు రోజులు మేమే తిన్నాం. మూడో రోజు మరదలు పళ్లెం వంక చూసి దండం పెట్టింది.

"వొదినా, ఇంక నా వల్ల కాదు. ఇయ్యాల గంజి తాగుతాను."

"అయితే కుప్ప తీసేద్దాం, రా," అన్నాను.

ఆదివారం సందులో ఆడవాళ్లందరూ కొంగులు బిగించారు. కుప్ప ఎత్తితే పోయిన గరిటెలు రెండు, ఎవరూ నాదనని చెప్పు ఒకటీ దొరికాయి. మగవాళ్లు షెడ్డు నుంచి ఇంజన్ల బూడిద తోపుడు బండి మీద తెచ్చి, కుప్ప కింద పడ్డ గుంట నింపి, దిమ్మిసతో కొట్టారు. చుట్టూ రాళ్లు పేర్చి ప్లాట్‌ఫారం అంచులాగా సున్నం వేశారు. సాయంత్రం అందరం అక్కడే చేరి టీ తాగాం.

తెల్లారేసరికి నడిమధ్యన గుమ్మడికాయ తొక్కలు!

నేను కాదంటే నేను కాదన్నారు. కాపలా ఎవరు కాయాలని ఇంకో గొడవ. అప్పుడు నాకు పెట్టెలో ఉన్న జెండాలు గుర్తొచ్చాయి. మా ఆయన గ్యాంగ్‌మన్. పట్టాల మీద పని జరుగుతుంటే ఎర్ర జెండా పాతేవాడు. అది కనబడితే ఎంత పెద్ద మెయిలు బండైనా ఆగవలసిందే. పాతబడిన ఎర్రదొకటి, పచ్చదొకటి నా దగ్గర ఉండిపోయాయి. ఎర్రదాన్ని కర్రకు కట్టి ఆ బూడిదలో పాతాను.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి ఇంజన్ డ్రైవరు, డ్యూటీ దిగిన నిద్రకళ్లతో, చెత్త బకెట్టు పట్టుకుని వచ్చాడు. జెండా చూసి టక్కున ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు.

"ఏటప్పా, లైన్ మీద పనా?"

"ఔను బాబూ. ముందుకెల్లకూడదు."

"అచ్ఛా," అని బకెట్టుతో సహా వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాక గాని తెలివి రాలేదు. "ఇక్కడ లైనెక్కడుందప్పా?" అన్నాడు.

గుమ్మంలోంచి వాళ్లావిడ అందుకుంది. "నా మాటకి ఒక్కనాడూ ఆగనోడు, గుడ్డముక్కకి ఆగిపోనాడు సూడప్పా!"

సందంతా నవ్వింది. ఆ సిగ్గుకో, జెండా అలవాటుకో, ఆనాటి నుంచి అందరూ రోడ్డు మీది చెత్త తొట్టె దాకా నడిచారు.

ఇక ఇడ్లీలు పెట్టాను. ఎవరూ రాలేదు! డ్యూటీ దిగినవాళ్లు సందు మొదట్లో నిలబడి, ఎర్ర జెండా చూసి, ఏదో గుంట తవ్వారనుకుని పోతున్నారు. చెత్తను ఆపిన జెండా నా బేరాన్నీ ఆపింది.

మరదలికి భయం పట్టుకుంది. "మల్లీ మనమే తినాలేటి?" అంటూ లోపలికి పరుగెత్తి, పచ్చ జెండా తెచ్చి, మెట్ల మీద నిలబడి ఊపింది. వెళ్లిపోతున్న ఒక గార్డు అది చూసి వెనక్కి తిరిగాడు. అతని వెనక ఇంకో ముగ్గురు.

"ఇంతసేపు సిగ్నలివ్వకుండా ఔటర్లో నిలబెట్టీసినావేటప్పా! సట్నీ ఉందా?"

"ఉంది. ముందు కాల్లు కడుక్కో."

అప్పట్నుంచి ఇడ్లీ ఉడకగానే గుమ్మానికి పచ్చ జెండా కట్టేదాన్ని. రెండు ఎండాకాలాలకు ఎర్రది వెలిసి పీలికలైంది. ఆ చోట మల్లె తీగ పాకింది, ఆడవాళ్లు బియ్యం ఏరుకునే రాతి అరుగు వచ్చింది. ఇంకెందుకని ఎర్రదాన్ని పీకేశాను. మర్నాడు డ్రైవరు బకెట్టుతో వచ్చాడు. జెండా లేని చోట కూడా ఓ క్షణం ఆగాడు. తర్వాత తొట్టె వైపు తిరుగుతూ నా గుమ్మం కేసి చూశాడు.

"పచ్చది ఇంకా కట్టలేదేటప్పా? ఆకలేస్తంది."