కినుయో వాటా కాలువ

కినుయోకి మోకాళ్ళకంటే ముందు నోరు అలిసిపోయింది. ఏడేళ్ళుగా, జపాను పల్లెలోని ఆమె ఇంటికి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి పొలం పని చేసి వెళ్తున్నారు. కూలి లేదు. తిండి, పడక, సాయంత్రం మునగడానికి వేణ్ణీళ్ళ తొట్టి, అంతే. దానికే మురిసిపోయి వస్తారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఇది వరి, ఇది తుంగ అని మొదటినుంచీ చెప్పాలి. కాస్త చెయ్యి తిరిగేసరికి సంచి సర్దుకుంటారు. మళ్ళీ కొత్త మొహం, మళ్ళీ ఇది వరి, ఇది తుంగ. ఒకడైతే తుంగని వదిలేసి వరిని శుభ్రంగా పీకి గట్టున వరసగా పేర్చాడు. వాణ్ణి తిట్టడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అప్పుడే మానేయాల్సింది. కానీ మొగుడు పోయాక, కొండ మీంచి సముద్రందాకా మెట్లు మెట్లుగా దిగే ఆ మడులు ఒంటిచేత్తో అయ్యేవి కావు.

ఈ వసంతంలో ఆమె తేల్చుకుంది. కాలువ పూడిక తీసే రోజున, టీ వేళకి, అందరి ముందూ చెప్పేస్తుంది: ఇక నా వల్ల కాదు, నా పేరు తీసేయండి. ఇంటికో మనిషి వచ్చి తన వాటా కాలువ తవ్వాలి, రాని ఇంటికి ఆ ఏడు నీళ్ళు లేవు. నీళ్ళు లేని మడి చూస్తూండగానే రెల్లు పాలవుతుంది. అది తెలిసే అనుకుంది. అనుకున్నాక చాలాకాలానికి కంటినిండా నిద్ర పట్టింది కూడా.

ఆ రోజు పొద్దున్నే ఆమె వెంట, ఈసారి పనికొచ్చిన షూచెన్ పార పట్టుకుని బయల్దేరింది. తైవాన్‌లో నర్సుగా చేసి మానేసిన మనిషి, అరవైకి దగ్గర పడుతోంది. జపానువాళ్ళ ఏలుబడిలో పెరిగిన అమ్మమ్మ దగ్గర నేర్చిన జపాను మాటలు అతిమర్యాదగా మాట్లాడుతుంది. కాలువ పెద్ద తొకుమత్సు వాళ్ళని చూసి నవ్వాడు.

"ఏం కినుయో అక్కా, ఈ ఏడూ నువ్వే ముందు ముగించి మా పరువు తీస్తావా?"

"మా ఆయన పేర్చిన రాళ్ళయ్యా అవి. మట్టిని నిలవనిస్తాయా? నీకో మాట చెప్పాలి, టీ దగ్గర గుర్తు చెయ్యి."

ఆ రాళ్ళ గొప్ప ఆమె ఏటా చెప్పేదే. ఏటా ఆమె వాటాలో నాలుగు ఎండుటాకులు తప్ప ఏమీ ఉండేది కాదు. పక్క వాటా యసూజీది. అతను అందరికంటే ఆలస్యంగా ఆవలిస్తూ వచ్చేవాడు. "వచ్చాడమ్మా నిద్రమొహం! పెళ్ళాం దుప్పట్లోంచి లాగి పంపిందా?" అని కినుయో అందరూ వినేలా అనేది. అందరూ నవ్వితే అతను తల గోక్కుని పార అందుకునేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కినుయో నోరు అంత మంచిదేం కాదు, ఊరు మాత్రం మంచిగానే ఉండేది. మొన్న చలికాలంలో యసూజీకి పక్షవాతం వచ్చి పట్నం ఆసుపత్రిలో చేర్చారు. ఈసారి వాళ్ళింటినుంచి భార్య షిగెయో వచ్చింది.

కినుయో తన వాటా దగ్గరికి వెళ్ళి నిలబడిపోయింది. కాలువ అంచుదాకా పూడి ఉంది. చలికాలపు గాలులు ఎగరేసిన ఇసక, కొండ మట్టి, కుళ్ళిన ఆకులు.

"ఇది మీ వాటాయేనాండీ?" అంది షూచెన్.

"నాదే" అని విసుగ్గా దిగింది కినుయో.

పార వేసిన ప్రతిసారీ మోకాలు కలుక్కుమంది. రాళ్ళకి ఏమొచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. షూచెన్ రెండింతలు తవ్వింది. టీ వేళకి పని ఎలాగో ముగిసింది గానీ, కినుయో గట్టు మీద కూలబడితే లేవలేకపోయింది. షిగెయో బార్లీ టీ, ముల్లంగి ఊరగాయ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఈ ఏడు మట్టి చూశావా?" అంది కినుయో. "ఏనాడూ లేదు."

షిగెయో గ్లాసు కింద పెట్టింది. "ఏటా ఉండేదే అక్కా. మా ఆయన తెల్లారకముందే వచ్చి తీసేసేవాడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఈసారి నేనన్నా వద్దామనుకున్నా, నాకు చేతకాలేదు."

కినుయో మొహం ఎర్రబడింది. "ఎవడు తియ్యమన్నాడు? కాలువ పూడి మా గట్టు తెగితే కిందున్న మీ మడి పోతుందనేగా!"

"అదీ ఉందిలే. మేమూ తినాలిగా." షిగెయో నవ్వింది. "కానీ, అక్క మానేస్తే నన్ను తిట్టేవాళ్ళెవరే అనేవాడు. ఆ తిట్లు ఇంటికొచ్చి నాకు అప్పజెప్పేవాడు, నీ గొంతుతో."

కినుయోకి ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువగా కోపమొచ్చింది. ఇన్నేళ్ళూ చచ్చినవాడి రాళ్ళని పొగిడి, బతికున్నవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసింది. పైగా, దించుకుందామనుకున్న బరువుని ఆ నిద్రమొహం మళ్ళీ నెత్తికెత్తాడు. ఇప్పుడెలా మానేయడం?

"మనిషికి మాటలు తెలుస్తున్నాయా?" అంది చివరికి.

"అన్నీ తెలుస్తాయి. నోరే తిరగట్లేదు."

"ఆదివారం ఆసుపత్రికి నేనూ వస్తా. తిట్టాల్సింది చాలా ఉంది."

షిగెయో తలగుడ్డ చివరతో కళ్ళు తుడుచుకుంది. కినుయో షూచెన్ భుజం పట్టుకుని లేచి, పార ఊతంగా యసూజీ వాటా వైపు నడిచింది. అది సగం కూడా అవలేదు.

"మన పని అయిపోయింది కదండీ?" అంది షూచెన్.

"అవలేదు. పట్టు."

తొకుమత్సు పై గట్టు మీంచి కేకేశాడు. "అక్కా, ఏదో చెప్పాలన్నావు?"

కినుయో మట్టిని చూసింది. పెద్ద ఆవలింత వచ్చింది, చేతులనిండా బురద కావడంతో నోటికి అడ్డం పెట్టుకోలేకపోయింది.

"వచ్చే ఏడు చెప్తాలే" అని కాలువలోకి దిగింది.