అంజినమ్మ రాయికి పగులు లేదు

బళ్ళారి సత్యనారాయణపేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పార్సిల్ ఆఫీసు ఉంది. నాకు రావలసిన పుస్తకాల కట్ట ఎక్కడ చిక్కుకుందో అడుగుదామని ఫిబ్రవరిలో ఒక పొద్దున అక్కడికి వెళ్ళాను. కౌంటర్ ముందు, జనం నిలబడే చోటే, గోనెపట్టా పరుచుకుని ఒకామె కూర్చుని ఉంది. ఆమె ముందు గుండ్రటి రాయి ఒకటి మూడు ముక్కలై పడి ఉంది. దాని పక్కన అదే కొలతలో పగలని రాయి. వెనక గోడకు ఆనుకుని ఆమె కోడలు నిలబడింది.

“జరుగమ్మా, దారికి అడ్డమైతాండావు” అన్నాడు లోపలినుంచి ఇన్‌చార్జి రాఘవేంద్ర.

“అడ్డమనే కూచున్నా” అందామె.

ఆమె పేరు అంజినమ్మ. యాభై అయిదేళ్ళ మనిషి. ఆ రోజు ఆమె ఎందుకంత పట్టుబట్టిందో తెలియాలంటే ముందు ఆమె సంగతి కొంత చెప్పాలి. ఇవన్నీ తర్వాత ఆమే, కోడలు యశోదా నాకు చెప్పినవి.

ఊరు సండూరు తాలూకా తారానగర్. పదిహేడేళ్ళకు పెళ్ళయి ఆ ఊరికి వచ్చింది. భర్త చెన్నప్ప రోళ్ళు, తిరగళ్ళు చెక్కేవాడు. ఆ ఇంట్లో పెద్ద సుత్తి మగవాళ్ళది. అరిగిపోయిన రాళ్ళకు గంట్లు కొట్టి మళ్ళీ గరుకు చేసే చిన్న ఉలి ఆడవాళ్ళది. పెళ్ళయిన ఆరేళ్ళకు రాతిపెళ్ళ ఎగిరి చెన్నప్ప కుడికన్ను పోయింది. ఉన్న ఒక్క కన్నూ పోతుందేమోనన్న భయంతో అతను మళ్ళీ రాయి ముందు కూర్చోలేకపోయాడు. పెద్ద సుత్తి అంజినమ్మ అందుకుంది.

ఆడమనిషి చెక్కిన రోలేంటని మొదటి ఏడాది ఎవరూ కొనలేదు. అప్పుడామె ఒక రోలు చెక్కి ఇంటి ముందు వీధిలో పెట్టింది. ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు తనే పళ్ళెంలో పెట్టుకుని, నీళ్ళకు పోయే ప్రతి ఆడమనిషినీ ఆపి, “రోంత నూరి చూడక్కా, నచ్చకుంటే పోదువు” అంది. వారం తిరిగేసరికి ఊళ్ళో ఆమె రోలు కావాలన్న ఇళ్ళు తొమ్మిది.

మిక్సీలు వచ్చాక ఆ పనీ తగ్గింది. నాట్ల కాలంలో కాలువ కింది క్యాంపులకు కూలికి పోయేది. కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటూ స్థిరపడ్డ రైతుల ఊళ్ళవి. పోయేటప్పుడు సంచిలో ఉలి, సుత్తి కూడా పెట్టుకునేది. పొద్దంతా నాట్లు వేసి, సాయంత్రం వాళ్ళ ఇళ్ళలో రాళ్ళకు గంట్లు కొట్టేది. అట్లా శివరామకృష్ణయ్య గారి భార్య పున్నమ్మకు ఆమె చెక్కిన తిరగలి ఒకటి చేరింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో కందులు దాని మీదే పప్పవుతున్నాయి.

ఆ తిరగలి చూస్తూ పెరిగిన పున్నమ్మ కూతురు హిమబిందు ఇప్పుడు గుంటూరులో అత్తగారింట్లో ఉంటూ, పొడులు కొట్టి అమ్ముకుంటోంది. “అంజినమ్మా, మా అమ్మ దగ్గరున్నలాంటిదే నాకూ ఒకటి కావాలి. మిషన్‌లో వేస్తే వేడెక్కి కమ్మదనం పోతోంది” అని నిరుడు దసరా తర్వాత ఫోను చేసింది.

అంజినమ్మ ఆ తిరగలి మీద నెలన్నర కూర్చుంది. రెండు రాళ్ళూ ఒకే బండలోంచి తీసింది. వడ్లగడ్డి మధ్యన పెట్టి, పాత బొంత చుట్టి, గోనెసంచిలో కుట్టింది. వడ్రంగి నింగప్పతో చుట్టూ చెక్కల చట్రం కొట్టించింది. దాని మీద యశోద కన్నడంలోనూ తెలుగులోనూ ‘రాయి, మెల్లగా దించండి’ అని ఎర్రరంగుతో రాసింది. ఇద్దరూ దాన్ని బస్సులో బళ్ళారికి తెచ్చి ఈ ఆఫీసులోనే ఇచ్చారు. చట్రాన్ని చేత్తో ఊపి చూసి రాఘవేంద్ర, “సూపర్ ప్యాకింగమ్మా” అన్నాడట.

ఎనిమిది రోజులకు హిమబిందు ఫోను చేసింది. పై రాయి మూడు ముక్కలయింది. చట్రం ఒక పక్క విరిగితే ఎవరో ప్లాస్టిక్ తాడుతో కట్టి పంపారు. హిమబిందు కంపెనీకి ఫోటోలు పంపి ఫిర్యాదు చేసింది. మూడు వారాలు నానబెట్టి, పార్సిల్‌ను బళ్ళారికి వెనక్కి తెప్పించుకుని, వాళ్ళొక కాగితం పంపారు. రాయిలో ముందే పగులు ఉందట. ప్యాకింగ్ సరిగా లేదట. కాబట్టి కంపెనీది ఏ తప్పూ లేదట.

రాయి పగిలిందన్నప్పుడు అంజినమ్మ బాధపడి ఊరుకుంది, ఇంకొకటి చెక్కి ఇద్దామనుకుంది. ఆ కాగితం మాట విన్నాకే ఆమెకు కడుపు మండింది. హిమబిందు అత్తగారు, “ఎరిగినవాళ్ళని నమ్మితే పగుళ్ళ రాయి అంటగట్టింది” అన్నదట. ఆ మాట క్యాంపులో పున్నమ్మ దాకా పోయింది. ముప్పై ఏళ్ళలో అంజినమ్మ చేతి రాయిని ఎవరూ అంత మాట అనలేదు.

అందుకే వచ్చి కూర్చుంది.

“అమ్మా, నీకు ఇంగ్లీషు వస్తాదా?” అని నన్ను అడిగి, మడతలు పడ్డ ఆ కాగితం చేతికిచ్చింది. “గట్టిగా చదువు. ఈడుండే అందరికీ ఇనపడాల.”

చదివి, తెలుగులో చెప్పాను. అప్పటికి ఆఫీసులో పది పన్నెండు మంది ఉన్నాం.

“ఈ రాయిని చూసి పగులుండాదని చెప్పినోడు ఎవరప్పా? ఆయప్ప పేరేంది?” అంది అంజినమ్మ.

“పేరేం ఉండదమ్మా. సిస్టమ్‌లో అట్ల వచ్చింది.”

“సిస్టం అంటే ఎవరు? ఉలి పట్టినోడా, సుత్తి పట్టినోడా? పిలువు ఈడికి, మాట్లాడతా.”

రాఘవేంద్ర నుదురు రుద్దుకున్నాడు. “స్వల్ప అర్థం చేసుకోమ్మా. నువ్వు ఈ ఫారం మీద సంతకం పెడితే పంపిన చార్జీ వాపస్ ఇస్తారు. అదే పెద్ద విషయం.”

“సంతకం పెడితే రాయిలో పగులుండాదని నేనే ఒప్పుకున్నట్ల కదా?”

అతను ఫారాన్ని కౌంటర్ మీద ఆమె వైపు జరిపాడు.

అంజినమ్మ సంచిలోంచి చిన్న సుత్తి తీసింది. పగలని కింది రాయిని మోకాలికి ఆనించి నిలబెట్టి ఒక్క దెబ్బ తట్టింది. ఇత్తడి పళ్ళెం మీద కొట్టినట్టు ఖంగుమంది. “పగులుంటే బొంగురుగా పలుకుతాది. పని మొదలుపెట్టే ముందు నేను ప్రతి రాయిని ఇట్ల ఇంటా. పలకని దాన్ని ముట్టను. ఇదీ, పగిలిందీ ఒకే బండ.”

“కింది రాయి బాగుంటే పై రాయి బాగున్నట్టా?” అన్నాడు రాఘవేంద్ర. జనంలో ఒకాయన కూడా తలూపాడు.

“సరే, రా. వచ్చి చూడు.”

అతను కదల్లేదు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె రెండు ముక్కలు తీసుకుని పగిలిన వైపు పైకి తిప్పింది.

“మా తాలూకాలో ఇనుప ఖనిజం లారీల ధూళి ఎట్లుంటాదో నీకు తెలుసు కదా. దోణిమలై గనుల వైపు నుంచి వచ్చే గాలికి మా గోడలు ఎరుపు, మా బట్టలు ఎరుపు, మా కోడిపిల్లలు కూడా ఎరుపే. ఈ బండ మా వాకిట్లో ఏడాదిన్నర పడుండె. వానకు తడిసె, ధూళికి మునిగె. ముందే పగులుంటే ఎర్రనీళ్ళు లోపలికి దిగి ఉండాల్నా వద్దా? ఇదో, బయటి పక్క గంట్ల సందుల్లో చూడు.”

తడిగుడ్డతో రాయి బయటి గంట్లు తుడిచింది. గుడ్డ ఇటుకరంగుకు తిరిగింది. గుడ్డను రెండో వైపు తిప్పి, పగిలిన ముఖం మీద అదిమి తుడిచి నా చేతికిచ్చింది. కాస్త బూడిదరంగు పొడి తప్ప ఏమీ లేదు. రాతి లోపల గింజలు కొత్త ఉప్పు పలుకుల్లా మెరుస్తున్నాయి.

నేను గుడ్డ పైకెత్తి అందరికీ చూపించాను. ఇందాక తలూపినాయనే ముందుకు వచ్చి వంగి చూసి, “ఇది కొత్త దెబ్బే సార్” అన్నాడు.

“ఇంగా చూడండి.” అంజినమ్మ ఒక ముక్క అంచు చూపించింది. అక్కడ రాయి తెల్లగా నలిగి ఉంది. ఆ నలుగులో నీలిరంగు అంటుకుని ఉంది. “ఇనుము తగిలిన గాయం ఇది. నీలి పెయింటు. మా ఇంట్లో నీలి ఇనుము లేదు.”

కౌంటర్ పక్కన సామాను తూచే పెద్ద తూకం మిషన్ ఉంది. దాని ఇనుప పీట నీలిరంగు. అందరి కళ్ళూ ఒకేసారి దాని మీదికి పోయాయి.

గోడౌన్ తలుపు దగ్గర ఒకతను నిలబడి ఇదంతా వింటున్నాడని నేను అప్పటిదాకా గమనించలేదు. నలభై ఏళ్ళుంటాయి. నడుముకు తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. పేరు మౌనేశ్, అక్కడి హమాలీ.

“అది ఈడనే పడిండాది” అన్నాడు.

“మౌనేశ్, ఒళగె హోగు!” రాఘవేంద్ర అరిచాడు, లోపలికి పొమ్మని.

మౌనేశ్ పోలేదు. “లారీకి ఎక్కించేటప్పుడు చెయ్యి జారె. తూకం పీట అంచు మీద పడె, చట్రం విరిగి సంచి, బొంత చినిగె. సార్‌కు అప్పుడే చెప్పినా. తాడేసి కట్టి పంపు, దారిలో పగిలిందంటాంలే అన్యాడు.”

అంజినమ్మ దిగ్గున లేచింది. ముఖం కందిపోయింది. “ఎత్తి పడేసినావా? నెలన్నర పని అది! మెల్లగా దించమని రాసిండ్లేదా దాని మీద?”

“రాసిండ్రి. నాకు చదువు రాదు. వచ్చినా ఏం చేద్దునమ్మా? రెండు రాళ్ళు, చట్రం, అంతా కలిసి నలభై కిలోల పైన. ఒక్కడ్నే. ముందర ముగ్గురుంటిమి. ఇద్దర్ని తీసేసినారు. లారీ వాడు అర్ధగంట కంటే ఎక్కువ నిలబడడు.”

మాట్లాడుతూనే అతను ఒక చెయ్యి నడుం వెనక పెట్టుకుని ఒరిగాడు. అంజినమ్మ అది చూసింది. మూటలు మోసినవాళ్ళ నడుం ఆమెకు కొత్త కాదు. ఆమె అతన్ని వదిలి కౌంటర్ వైపు తిరిగింది. ఇంతసేపూ లేని కోపం అప్పుడొచ్చింది ఆమె గొంతులో.

“ఏమప్పా! ఇద్దరు పట్టాల్సిన బరువు ఒక్కనితో మోయిస్తివి. వాని చేతిలోంచి పడితే తాడు కట్టి దాపెడితివి. నీ కండ్ల ముందర పగిలిందాన్ని ముందే పగిలిందని రాయిస్తివి. సూపర్ ప్యాకింగ్ అన్నది ఎవరు, నువ్వు కాదా? నీ నోరు మంచిదే, నీ సిస్టం మంచిదే, నా రాయి ఒక్కటే చెడ్డదా?”

రాఘవేంద్ర తల దించుకున్నాడు. “నేను రాయలేదమ్మా. పై ఆఫీసోళ్ళు...”

“పై ఆఫీసుకు నువ్వేం చెప్పినావు? పడిందని చెప్పినావా?”

చెప్పలేదు. అది అతని ముఖంలోనే తెలుస్తోంది. నాకే ఒళ్ళు మండిపోయింది. నా పుస్తకాల సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను. ఎవరికి వాళ్ళు తమ తమ పార్సిళ్ళ కథలు మొదలుపెట్టారు. చిట్లిన గాజు దీపాలు, సొట్టబోయిన గ్రైండరు, కారిపోయిన నూనె డబ్బా. అందరికీ ఒకే జవాబు వచ్చిందట, మీ ప్యాకింగే సరిగా లేదని.

రాఘవేంద్ర లోపలికి పోయి ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. అంజినమ్మ పట్టా మీదినుంచి లేవలేదు. యశోద తెచ్చిన జొన్నరొట్టె అక్కడే తింది, మౌనేశ్‌కూ ఒకటి పంపింది. మధ్యాహ్నం దాటాక రాఘవేంద్ర ఒక తెల్లకాగితం తెచ్చాడు. ఇంగ్లీషులో ఉంది.

“కన్నడలో రాయండి సార్, నేను చదువుకోవాల” అంది యశోద. పొద్దున్నుంచీ ఆ అమ్మాయి నోరు తెరిచింది అప్పుడే.

మళ్ళీ రాశాడు. యశోద వేలు పెట్టి పైకి చదివింది. రాయిలో పగులు లేదు. మా గోడౌన్‌లో కింద పడి పగిలింది. ప్యాకింగ్ సరిగానే ఉంది. కింద సంతకం, ముద్ర.

“మోసే మనిషి ఒక్కడే ఉండాడని కూడా రాయి. ఆయప్ప పేరు రాయొద్దు” అంది అంజినమ్మ.

“అది రాస్తే నా ఉద్యోగం పోతుందమ్మా” అన్నాడు రాఘవేంద్ర. ఆ మాట నిజమేనని అందరికీ తెలిసింది. ఆమె అతన్ని మరి ఒత్తిడి చేయలేదు. ఫిర్యాదుల పుస్తకం తెమ్మని, కలం నాకిచ్చింది. ఇక్కడ మోసేవాడు ఒక్కడే, రెండో మనిషి కావాలని ఆమె చెప్పినట్టే రాశాను. పదకొండు మందిమి సంతకాలు పెట్టాం. అంజినమ్మ వేలిముద్ర వేసింది.

కొత్త పై రాయి ఏప్రిల్‌కల్లా తయారైంది. ఈసారి పార్సిల్ కాదు. శివరామకృష్ణయ్య గారి బియ్యం లారీ గుంటూరు పోతుంటే, బస్తాల నడుమ గడ్డి పరిచి రెండు రాళ్ళనూ పడుకోబెట్టారు. ముద్ర వేసిన కాగితం డ్రైవరు చేతిలో పెట్టింది అంజినమ్మ. యశోద దాని కింద తెలుగులో అర్థం రాసింది. హిమబిందు అది అత్తగారి ముందు చదివిందట. మర్నాడు ఆ తిరగలి మీద శనగలు విసిరింది ఆ అత్తగారేనట.

మే నెలలో ఆ ఆఫీసు గోడ మీద కొత్త కాగితం అతికించారు. రాతి వస్తువులు ఇకమీదట తీసుకోరట. వాళ్ళకు తోచిన దిద్దుబాటు అదొక్కటే! ఒళ్ళు మండి అంజినమ్మకు ఫోను చేసి చెప్పాను.

“తీసుకోకపోతే పోనీలేమ్మా. మోయలేమని చెప్పడం మర్యాదే” అందామె. ఆ వెంటనే “మౌనేశప్ప ఎట్లుండాడు?” అని అడిగింది.

“ఇంకా ఒక్కడే.”

ఆ సోమవారం ఆమె బస్సెక్కి వచ్చింది. చేతిలో రాయి లేదు, పార్సిల్ లేదు, ఆ ఆఫీసుతో ఆమెకు పనే లేదు. వాకిట్లో ఆమెను చూడగానే రాఘవేంద్ర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఫిర్యాదుల పుస్తకంలో తను వేలిముద్ర వేసిన పేజీ తీయించి, దానికి జవాబేదని అడిగింది. లేదు. మరుసటి సోమవారం మళ్ళీ వచ్చింది. ఆ పై సోమవారం నేనూ వెంట వెళ్ళాను.

జూన్‌లో నాలుగు చక్రాల ఇనుప బండి ఒకటి వచ్చింది, బరువులు తోసుకుపోవడానికి. రెండో మనిషి మాత్రం ఇప్పటికీ రాలేదు.