సుగుణమ్మ నాయన, నలభై నాలుగో సవరణ

వానకు తడిసిన నల్లకోట్ల వాసన నిన్న చిత్తూరు కోర్టు వరండాలో గుప్పుమంది. వెంటనే సుగుణమ్మ మేడం గుర్తొచ్చారు. ఆమె దగ్గర నేను ఆరేళ్ళు జూనియర్‌గా పనిచేశాను. పొట్టి మనిషి. గొంతు మాత్రం హాల్లో చివరి బెంచీ దాకా ఖంగుమనేది. ఆమె పోయి రెండేళ్ళయింది.

చేరిన మొదటి వారంలోనే నలభై నాలుగో సవరణ గురించి అడిగారు. బట్టీ పట్టిన జవాబు అప్పజెప్పాను: ఎమర్జెన్సీ పెట్టినా సరే, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ ఉన్న రక్షణను ఆపడానికి వీల్లేదు.

“అది యాడ పుట్టిందో తెల్సా పాపా?”

“పార్లమెంటులో మేడం.”

“కాదు, మా ఇంటి గడపలో.”

ఆమె నాయన బడిపంతులు. ఎమర్జెన్సీ రోజుల్లో బస్టాండులో నలుగురి ముందు ప్రభుత్వాన్ని విమర్శించాడని, అన్నం తింటున్నవాణ్ణి చెయ్యైనా కడుక్కోనివ్వకుండా పోలీసులు తీసుకుపోయారు. సుగుణమ్మకు అప్పుడు పదేళ్ళు. “ఎందుకు పట్టుకపోయినారని అడిగే హక్కే లేదన్నారు. ఢిల్లీలో పెద్ద కోర్టు గూడా అదే చెప్పింది. ఏడాదిన్నరకు ఇంటికొచ్చినాడు, సగం మనిషై. అట్లాంటోళ్ళు దేశమంతా ఉండారు. వాళ్ళ కడుపుమంటలోంచి వచ్చింది ఆ సవరణ. సట్టం సదివేటప్పుడు ముందు దెబ్బ ఎవురికి తగిలిందో అడుగు.”

ఆ మాట బరువు నాకు మునిరత్నం కేసులో తెలిసింది. అతను శ్రీసిటీలో కాంట్రాక్టు కార్మికుడు. యంత్రంలో చెయ్యి నలిగిన తోటివాడి కోసం ఫ్యాక్టరీ గేటు ముందు మాట్లాడాడు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు పోలీసులు పట్టుకెళ్ళారు. కాణిపాకంలో టెంకాయలమ్మే వాళ్ళమ్మ మూడో రోజు పొద్దున మా ఆఫీసుకొచ్చి ఏడ్చింది. “నా కొడుకు ఉండాడో లేడో గూడా చెప్పలేదు లాయరమ్మా!”

ముగ్గురం స్టేషన్‌కు వెళ్ళాం.

“పైనుంచి ఒత్తిడి ఉండాది మేడం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “రెండు దినాలు ఓపిక పట్టండి, మేమే వదిలేస్తాం.”

“ఇరవై నాలుగ్గంటల్లో మెజిస్ట్రేటు ముందర ఎందుకు పెట్టలేదో రాసియ్యండి. మీ సంతకంతో.”

“రాయకపోతే?”

మేడం కుర్చీ లాక్కుని ఆయన బల్లకెదురుగా కూర్చున్నారు. “ఈడనే కూసుంటా. మా నాయన కోసం పోతే మా అమ్మను గేటు కాడి నుంచే తరిమినారు. అడిగేదానికి ఆయమ్మకు దారి లేకపాయె. నాకుండాది.”

“రేపు హైకోర్టులో పిటిషన్ వేద్దాం మేడం,” అని గొణిగాను.

“వేద్దాం. అంతవరకు ఆ బిడ్డ లోపలే ఉండాల్నా?”

అక్కడే కాగితాలు తీసి పిటిషన్ రాయడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టర్ లోపలికీ బయటికీ తిరిగాడు, ఫోన్లు చేశాడు. మధ్యాహ్నం రెండు గంటలకు మునిరత్నాన్ని మెజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. అతని పాదాలు వాచి ఉన్నాయి. మెజిస్ట్రేటు అది చూసి ఆస్పత్రికి పంపమన్నారు, సాయంత్రానికి బెయిలొచ్చింది. వాళ్ళమ్మ కొడుకు మొహమంతా చేత్తో తడుముతూ ఉండిపోయింది.

తర్వాత పెద్ద కంపెనీలు మేడం దగ్గరికి కేసులు తేవడం మానేశాయి. ఎందుకమ్మా నీకీ గొడవ అని బార్ అసోసియేషన్‌లో పెద్దలు మందలించారు. అయినా ఆమె ఇంకో మునిరత్నం వస్తే వెనక్కి పంపలేదు.

స్టేషన్ మెట్లెక్కాలంటే నాకిప్పటికీ బెరుకే. అయినా ఎక్కుతాను. హక్కులు ప్రభుత్వం దయతలచి ఇచ్చినవని ఎవరన్నా అంటే మాత్రం ఊరుకోను. దెబ్బలు తిన్నవాళ్ళు నోరు మూసుకోనందువల్ల వచ్చాయని అక్కడికక్కడే చెబుతాను, ఎదురుగా కూర్చున్నది ఎంత పెద్ద అధికారైనా సరే.