ఆనందకుమారిగారి జపాన్ చెల్లెళ్లు

ఢిల్లీ మయూర్ విహార్‌లో ఉండే ఆనందకుమారిగారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. జపాన్ రచయిత్రుల నవలల్లోని ఇల్లాళ్లు ఎక్కడో నిజంగా కాపురం చేస్తున్నారని ఆవిడ నమ్మకం.

ఊళ్లు తిరిగేవాడికి రకరకాల చదువరులు తగులుతారు. చివరి పేజీ ముందు చదివేవాళ్లు, అరువిచ్చిన పుస్తకం కోసం ఫరీదాబాద్ దాకా బస్సెక్కేవాళ్లు, పుస్తకం తలకింద పెట్టుకుంటే చాలుననుకునేవాళ్లు. కథానాయికకి కేస్ షీట్ రాసిన చదువరి మాత్రం ఈవిడొక్కరే. రిటైరైన నర్సు మరి! "వయసు ముప్పై నాలుగు. భర్త పలకడు. అత్తగారు అవసరానికి మించి పలుకుతుంది. ఆకలి లేదు. రోజూ చూడవలెను."

భర్త బాబురావుగారు కూరల సంచీతో గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఎదురొచ్చి, "ఏవండీ, ఇల్లొదిలి వెళ్లిపోయిందండీ!" అనేవారు.

"ఎవరే? ఎప్పుడు? పోలీసులకి చెప్పారా?"

"నూట ఎనభయ్యో పేజీలో!"

ఒకసారి స్త్రీల ప్రార్థన కూటంలో లేచి, "ఒసాకాలో ఒక చెల్లెలుంది. మొగుడు పదకొండేళ్లుగా పేరు పెట్టి పిలవలేదు" అన్నారు. ఢిల్లీ తెలుగు చర్చి సంఘం ఆడవాళ్లంతా మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించారు. నాలుగోవారం ధనమ్మగారు ఆ చెల్లెలికి పంపమని ఆవకాయ సీసా తెచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. సీసా మాత్రం వెనక్కి వెళ్లలేదు.

అప్పటినుంచి చర్చిలో ఆవిడ లేచి నిలబడితే చాలు, బాబురావుగారు వంగి బూటు లేసు కట్టుకునేవారు.

ఆ ఆదివారం ఫెయిత్‌కీ ఇవాన్‌కీ వివాహ ప్రకటన. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చదివేవాటిలో మూడోది, ఆఖరిది. ఫెయిత్ ఆసుపత్రిలో నర్సు. పెళ్లవగానే ఉద్యోగం మానేయాలని రెండిళ్ల పెద్దలూ ఖాయం చేసేశారు. ఆ పిల్లని అడిగినవాళ్లు లేరు.

"ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి" అన్నారు పాస్టరుగారు.

"నాకుందండీ."

బాబురావుగారు లేసు అందుకున్నారు.

"టోక్యోలో ఒకావిడ పెళ్లని ఉద్యోగం మానేసింది. కొన్నాళ్లకి కూలరుతో మాట్లాడ్డం మొదలెట్టింది. దాని గడ్డి తడుపుతూ కష్టసుఖాలన్నీ చెప్పుకునేది. అలా ఆరేళ్లు!"

చర్చంతా గొల్లున నవ్వింది. పాస్టరుగారు నవ్వాపుకుంటూ, "ఆ కూలరుకీ మన ఫెయిత్‌కీ ఏం సంబంధమమ్మా?" అన్నారు.

"మానడం ఇష్టమేనా అని ఆవిణ్ణెవరూ అడగలేదు. ఈ పిల్లనైనా అడగండి."

ఆ నవ్వుల మధ్యే పాస్టరుగారు ఫెయిత్ వైపు తిరిగారు. తనూ నవ్వుతూనే ఉంది గనక మాట జారిపోయింది. "నేను మానను, అంకుల్."

ఇవాన్ తెల్లబోయాడు. "అచ్ఛా? నువ్వే మానేస్తానన్నావని మమ్మీ చెప్పిందే! నా టిఫిన్ డబ్బా నేనే కట్టుకుంటా యార్!"

ఇవాన్ తల్లి పాటల పుస్తకంలో ముఖం దాచుకుంది. ప్రకటన నిరభ్యంతరంగా ముగిసింది.

తిరుగు మెట్రోలో బాబురావుగారికి సందేహమొచ్చింది.

"టోక్యోలో గడ్డి కూలర్లుంటాయటే?"

"ఉండవు."

"మరి ఆ నవల?"

"అలాంటి నవల లేదండీ. మొన్న ఫెయిత్ మనింటికొచ్చి ఏడ్చి వెళ్లింది. అందరూ నన్ను చూసి నవ్వుతూ ఉంటే పిల్లకి నోరు పెగులుతుందని లేచాను."

"మరి కూలరు?"

"మన పాత క్వార్టర్లోది."

బాబురావుగారు వేళ్ల మీద లెక్కపెట్టారు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నది సరిగ్గా ఆరేళ్లు.

"నాతో చెప్పొచ్చు కదే?"

"మీకంటే అదే నయమండీ. మధ్యమధ్యలో 'ఊఁ' అనేది."

బాబురావుగారు ఆలోచించారు. ఆవిడ వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, పక్క సీటువాళ్లు ఉలిక్కిపడేంత గట్టిగా, "ఊఁ!" అన్నారు.