ముల్లు మధ్యలో ఉంటే భోజనానికి పిలు

ఆ జనవరి ఆదివారం పొద్దున ఎర్లీన్ మిషోకి కాలు ఒకచోట నిలవలేదు. మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన ముప్పై ఒక్కేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి ఆమె. మంచులో బస్సు పక్కకి జారినా గొంతు పెంచి ఎరగదు. అలాంటిది, డెబ్బయ్యేళ్ళు వచ్చాక సోఫా మీది దిండ్లని నాలుగోసారి సర్దుతోంది. మధ్యాహ్నం భోజనానికి లూసియన్ పెల్కీ వస్తున్నాడు మరి.

లూసియన్ ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పొగగొట్టాలు తుడిచే మనిషి. బళ్ళో ఆమెకి రెండు తరగతులు పైన చదివాడు. భార్య పోయి పదేళ్ళయింది. ఎవరింటికి వెళ్ళినా కాఫీ కూడా ముట్టకుండా, పని అవగానే బండెక్కేస్తాడు. వేళ్ళ సందుల్లో మసి, నోట్లో వెటకారం అతన్ని ఒక్కరోజూ వదిలిపెట్టినట్టు ఎవరూ చెప్పరు.

మొగుడు పోయిన ఏడాదే ఎర్లీన్ పాత ఇటుక చలిమంట గూట్లో ఇనప పొయ్యి బిగించుకుంది. దానికి గాజు తలుపు, లోపలికి వెళ్ళే గాలిని తగ్గించి పెంచే మీట, వేడిని గదిలోకి నెట్టే ఫ్యాను ఉన్నాయి. అయితే కట్టె ఎక్కువసేపు రావాలని గాలి బిగించేసి, మంటని చావనివ్వకుండా బతకనివ్వకుండా ఉంచడం ఆ లోయలో తాతలనాటి అలవాటు. అలా ఉక్కిరిబిక్కిరైన మంట పొగగొట్టం నిండా తారు మసి పట్టిస్తుంది. మొన్న అక్టోబరులో లూసియన్ ఆ మసంతా గీకి, బకెట్ నింపి, తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టాడు.

"ఇది పొగగొట్టమా, తారు డబ్బానా? ఒక్క నిప్పురవ్వ పడితే ఇల్లు మిగలదు ఎర్లీన్."

ఆమెని అలా కడిగేసిన మగాడు అంతవరకూ లేడు. సిగ్గుపడాల్సిన చోట ఆమె గుండె గంతేసింది. అతను జేబులోంచి వెనక అయస్కాంతం ఉన్న థర్మామీటర్ తీసి పొయ్యికి అంటించాడు. దాని ముల్లు నాలుగు వందల ఫారెన్‌హీట్ డిగ్రీలకీ ఆరు వందలకీ మధ్య ఉండాలి, తగ్గితే తారు, మరీ పెరిగితే ఇనుమే పగులుతుంది అని పాఠం చెప్పాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాట విసిరాడు.

"ముల్లు రోజంతా మధ్యలో నిలబెట్టగలిగిన నాడు నన్ను భోజనానికి పిలు."

అతను వేళాకోళానికే అన్నాడు. ఆమె మాత్రం దాన్ని కొంగున ముడేసుకుంది. రెండు నెలలు ఆ ముల్లుతో కుస్తీ పట్టింది. చిన్న కట్టెలు, పెద్ద కట్టెలు, మేపుల్ చెట్టువి, యాష్ చెట్టువి, అన్నీ అయ్యాయి. ముల్లు ఎక్కనైనా ఎక్కేది, దిగనైనా దిగేది. చివరికి థర్మామీటర్‌నే ఎడమకీ కుడికీ జరిపి చూసింది. క్రిస్మస్ వెళ్ళాక ఒక చోటు దొరికింది, సరిగ్గా ఫ్యాను గాలి బయటికొచ్చే కంత పైన. అక్కడ పెడితే ముల్లు ఐదు వందల దగ్గర బుద్ధిమంతుడిలా కూర్చుంది.

ఆ సంతోషం ఆగక చెల్లెలు క్లోదెట్‌కి ఫోన్ చేసింది. పెళ్ళిచూపులు పొయ్యికా అక్కా, నీకా అని క్లోదెట్ పడీపడీ నవ్వింది. తర్వాత లూసియన్‌కి చేసింది. అతను, బీన్స్ వండుతావా అని అడిగాడు.

ఆదివారం బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. ముల్లు మధ్యలోనే ఉంది కదా అని ఆమె పొద్దుటి నుంచీ ధారాళంగా కట్టెలు వేస్తూనే ఉంది. లూసియన్ వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. వేళ్ళ సందుల్లో మసి లేదు, ఎంతసేపు తోమాడో ఏమో.

బీన్స్ తిన్నారు, బక్‌వీట్ పిండి అట్లు తిన్నారు. అతను స్వెట్టర్ తీశాడు. ఆమె పైకోటు తీసింది. అతను చొక్కా కూడా తీసి బనియన్‌తో కూర్చున్నాడు. గిన్నెలో వెన్న పులుసైపోయింది. ఈ వయసులో మళ్ళీ ఒంట్లో ఈ ఆవిర్లేమిటి, ఇంతగా మనసు పడ్డానా అని ఎర్లీన్ లోలోపల మురిసిపోతూ చెమట తుడుచుకుంది.

అప్పుడు బల్ల మీది కొవ్వొత్తి నడుం వంచి నమస్కారం పెట్టింది.

లూసియన్ దాన్ని చూశాడు, పొయ్యిని చూశాడు. లేచి వెళ్ళి, చేతిగుడ్డతో థర్మామీటర్ ఊడదీసి, ఫ్యాను గాలి తగలని చోట, పొయ్యి తలుపు పైన అంటించాడు. ముల్లు ఎర్ర గీత దాటి ఎనిమిది వందల దగ్గర ఆగింది.

అయిపోయింది, ఇక ఈ మనిషి ఈ గడప తొక్కడు అనుకుంది ఎర్లీన్. కానీ ఆమె చేతులు బస్సు నడిపిన చేతులు. మోకాళ్ళ మీద కూర్చుని గాలి మీట పూర్తిగా మూసింది. ఫ్యాను వేగం పెంచింది. తలుపు తీస్తే గాలి దూరి మంట ఎగుస్తుందని దాని జోలికి పోలేదు. లూసియన్ బనియన్‌తోనే మంచులోకి పరిగెత్తి, పొగగొట్టం చూసి, గజగజా వణుకుతూ తిరిగొచ్చాడు.

"రవ్వలు లేవు. అక్టోబరులో గీకాను కాబట్టి బతికాం. కంగారులో తలుపు తీస్తావేమోనని భయపడ్డాను."

"జారే బస్సుకి బ్రేకు తొక్కుతానా?" అంది. తర్వాత తల దించుకుని చెప్పేసింది. "ముల్లు నాకు కావలసిన చోట నిలబడేదాకా థర్మామీటర్‌ని జరిపాను లూసియన్. నిన్ను భోజనానికి పిలవాలని."

అతను పొయ్యి ముందు చతికిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"నలభయ్యేళ్ళుగా పొయ్యిలే చూస్తున్నాను. అయినా ఈ వేడి నా ఒంట్లోదే అనుకుని నోరు మూసుకుని కూర్చున్నాను."

ఎర్లీన్ చెవులదాకా ఎర్రబడింది. ఆ ఎరుపులో పొయ్యి వాటా ఎంతో ఆమెకే తెలీదు.

ఇద్దరూ నేల మీద పక్కపక్కన కూర్చుని, మిగిలిన అట్లు మొలాసిస్ పాకంలో అద్దుకు తింటూ ముల్లు దిగడం చూశారు. ఏడు వందలు. ఆరు. బయట పొద్దు వాలుతోంది. నాలుగు వందలకి దిగాక ఇక చూడ్డానికేముంది, బండెక్కుతాడు. నెమ్మదిగా దిగవే అని ఆమె ముల్లుని మనసులోనే బతిమాలింది. అది నాలుగు వందల ఇరవైకి వచ్చింది.

లూసియన్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆరబెట్టిన అతని బూట్ల వైపు చూసింది ఎర్లీన్. అతను కట్టెల పెట్టె దగ్గరికి నడిచాడు. ఒక్కొక్క కట్టే చేతిలో తూచి రెండు ఏరాడు. గాలి మీట కొంచెం తెరిచి, తలుపు తీసి, వాటిని లోపల పేర్చాడు. వచ్చి మళ్ళీ ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఇప్పుడు ఎక్కడం చూడాలి," అన్నాడు. "దానికి చాలాసేపు పడుతుంది."